ఆర్కిడ్ల చుట్టూ కంచె

"అన్నీ తీసి బయట పెట్టు, ఒక్కటి కూడా ఇంట్లో ఉండడానికి వీల్లేదు," అని వదిన ఫోన్లో చెప్పింది, పశువుల ఆసుపత్రి బల్ల మీద నేను పక్కనే కూర్చుని ఉండగా, ఆ పూలు నావనీ అవతల ఫోను పట్టుకున్నవాడు నా మొగుడనీ ఎరగనట్టు. క్లిఫర్డ్ "అలాగే అక్కా" అనడం నాకు స్పష్టంగా వినపడింది, అక్క ఏం చెప్పినా ఆయన నోట వచ్చే మాట అదే, పెళ్ళినాడు చర్చిలో పాద్రీ అడిగినదానికి కూడా ముందు అక్క మొహం చూసే ఒప్పుకున్నాడని నా అనుమానం. ఇప్పుడు ఈ వానలో, మా హీలో ఊరి వాన ఇది, చినుకులుగా పడదు, కుమ్మరిస్తుంది, ఒక్కొక్క కుండీ రెండు చేతులా ఎత్తుకెళ్ళి వెనక మెట్ల మీద వరసగా పెడుతుంటాడు, ముందు తెల్ల సీతాకోక ఆర్కిడ్, తర్వాత ఊదారంగు డెండ్రోబియం, చివరికి కిటికీ పక్కనున్న నా పిల్ల, నేనే పుప్పొడి అంటించి, గింజ కట్టించి, సీసాలో మొలిపించి, ఏళ్ళ తరబడి పెంచుకున్నది, ఇన్నాళ్ళకి మొదటిసారి మొగ్గ తొడిగింది, ఏ రంగు పూస్తుందో భూమ్మీద ఒక్కరికీ తెలియదు నాతో సహా, చల్లగాలి కొడితే చాలు ఆ మొగ్గ పసుపెక్కి రాలిపోతుంది, ఆ సంగతి క్లిఫర్డ్‌కి తెలుసు, తెలిసి కూడా అలాగే అక్కా అన్నాడు.

నేను ఏమైనా అనొచ్చు, నాకు నోరు లేక కాదు, బడి వంటింట్లో ఇన్నేళ్ళు పనిచేసినదాన్ని, వందమంది పిల్లల గోలమీదుగా వినపడే గొంతు నాది. అనలేదు. ఎందుకంటే ఆ తలుపు అవతల మలసాద పడుకుని ఉంది, మా వదిన కుక్క, నూనెలో వేగి చక్కెరలో దొర్లిన మలసాద ఉండలా గుండ్రంగా పచ్చగా ఉంటుందని ఆ పేరు పెట్టింది, నిన్న సాయంత్రం అన్నం గిన్నె చప్పుడు విని లేవబోయి వెనక కాళ్ళు రెండూ పక్కలకి జారి కూలబడింది, ముందు కాళ్ళతో గచ్చు గీరుకుంటూ ఒళ్ళు ఈడ్చుకుని గిన్నెదాకా వచ్చింది కానీ అన్నం ముట్టలేదు, ఒళ్ళంతా సన్నగా వణుకు, చెవులు పట్టుకుంటే పెనం మీదివిలా ఉన్నాయి. వదిన దాన్ని బీచి తువ్వాల్లో చుట్టి ఎత్తుకుంది, నేను బండి తోలాను, దారంతా ఆమె ఒక్కటే మాట, "చెప్పాను శిజుయే, ఆ పూలు విషమని మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను." రాత్రంతా దాన్ని ఇక్కడే ఉంచేసుకున్నారు. పిల్లాజెల్లా లేని మనిషి, ఎర్మలిండా వదిన, తల్లి పోయాక ఆ కుక్కని తెచ్చుకుంది, దానికి మాత్రమే ఆమె గొంతు మెత్తబడుతుంది, మాకెవరికీ ఆ భాగ్యం లేదు. ఇల్లు ఆమెది. తల్లి ఆమె పేర రాసింది, మేము ఉంటున్నాం, అంతే, ఆ ముక్క ఆమె ఎప్పుడూ పైకి అనదు, అనాల్సిన అవసరం రానివ్వదు.

విషమట. ఈ మాటకి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కుతుంది నాకు. మా చెల్లెలి కొడుకు హైస్కూలు పాసైననాడు వాడి మెడలో పడగా మిగిలిన ఆర్కిడ్ లేయి దండలన్నీ ఈవిడ మెడలో వేస్తే ముక్కుదాకా పూలలో మునిగి ఫొటోలు దిగింది, చచ్చిందా? ఓడరేవు పక్క హోటల్లో చేప ముక్కమీద డెండ్రోబియం పువ్వు పెట్టి ఇస్తే చేప కంటే ముందు పువ్వు నమిలింది, నేనే చూశాను, ఏమన్నా అయిందా? అడిగితే "మనుషులు వేరు, కుక్కలు వేరు" అంటుంది, పెద్ద పశువైద్యురాలిలా. మరి అసలు పశువైద్యురాలు చెబితే వింటుందా? నిన్న డాక్టర్ అకానా తొణక్కుండా చెప్పింది, "ఆంటీ, ఆర్కిడ్ కుక్కలకి విషం కాదు, ఆకు నమిలితే మహా అయితే ఓసారి కక్కుకుంటుంది, కాళ్ళు పడిపోవు, గన్నేరూ సాగోమొక్కలూ వేరే సంగతి, నేను నా ఇంట్లో రెండు కుక్కల మధ్య ఆర్కిడ్లే పెంచుతున్నాను." వదిన ఆ పిల్ల గదిలోంచి బయటికి వెళ్ళేదాకా ఆగి, "దీన్ని నేను చెడ్డీ లేకుండా చూశాను, ఇది నాకు చెప్పొచ్చింది," అంది. ఆ మాటకి నాకు నవ్వొచ్చింది, కుక్క వణుకుతుంటే నవ్వడమేమిటని పెదవి కొరుక్కున్నాను. నిజానికి మాకు, ఈ వానల ఊళ్ళో, పూలు ఇంట్లోకి రావడం ఓ పద్ధతి, మొక్కలు ఏడాదంతా పెరట్లో నీడవల కింద ఉంటాయి, పూసినది లోపలికొస్తుంది, పువ్వు రాలాక మళ్ళీ బయటికి పోతుంది, మా అమ్మ అలాగే చేసేది, కిటికీ కింద బల్ల మీద ఎప్పుడూ నాలుగైదు పూసిన కుండీలు. ఆ బల్ల సరిగ్గా మలసాద మూతి ఎత్తులో ఉండడమే నా నేరం. అది ఆ పూల పక్కన ఇన్నాళ్ళూ పడుకుంది, తుమ్మింది, ఓసారి వాండా ఆర్కిడ్ వేరు పీకి సాక్సుతో ఆడినట్టు ఆడింది, దానికేమీ కాలేదు, మొక్కకే అయింది, అప్పుడు నేను కుక్కని ఇంట్లోంచి గెంటేయమన్నానా?

డాక్టరు నిన్న అడగాల్సినవన్నీ అడిగింది. నత్తల మందు చల్లుతారా అంది, నా వంకే చూస్తూ, ఆర్కిడ్ పెంచేవాళ్ళ కుక్కలు చచ్చేది ఆ మందు గుళికలతోనే కానీ పూలతో కాదు అంది, నేను తల ఎత్తి జవాబు చెప్పాను, కుక్క ఇంటికొచ్చిన రోజునుంచీ ఒక్క గుళిక కూడా నా పెరట్లో పడలేదు, తెల్లారుజామున టార్చిలైటు పట్టుకుని వెళ్ళి అన్నం తినే పుల్లలతో ఒక్కో నత్తని ఏరి ఉప్పునీళ్ళలో వేస్తాను, నడుం పట్టేస్తుంది, అయినా ఏరతాను, ఈ సంగతి వదినకి తెలుసు, తెలిసీ నోరు మెదపలేదు. ఎరువు ఎక్కడ పెడతారంది, తాళం వేసిన పెట్టెలో. మెకడేమియా గింజలేమైనా తిన్నదా అంది, ఈ ద్వీపంలో కుక్కలకి అవి పడవని తెలియని డాక్టరుండదు, వదిన పుల్ల విరిచినట్టు చెప్పేసింది, "నా ఇంట్లో గింజలు లేవు, ఉన్నవన్నీ చర్చి బిస్కెట్లకి ఇచ్చేశాను." అప్పుడు డాక్టరు దాని వెన్ను వేళ్ళతో తడిమింది. వెన్నుపూస జారి ఉండొచ్చు, అదే అయితే ఆలస్యం చేసేకొద్దీ కాళ్ళు ఇక రావు, హోనలూలూ పంపి కోయించాలి, పొద్దున్నకి తేలకపోతే విమానం ఎక్కించడమే అంది. పొద్దున్న వచ్చాం. తేలలేదు. కాళ్ళు రాలేదు. లోపల డాక్టరు హోనలూలూ వాళ్ళతో ఫోన్లో మాట్లాడుతోంది, మాట్లాడి వచ్చి మా చేత అవుననిపించుకుని దాన్ని పెట్టెలో పెట్టి సామాన్ల అరలో ఎక్కించి పంపించేస్తుంది, అక్కడ వీపు చీల్చేస్తారు.

ఎదురుబల్ల మీద మేకని కాళ్ళ మధ్య ఇరికించుకుని ఓ పెద్దాయన కునుకు తీస్తున్నాడు, మేక ఆయన చెప్పు పట్టీ నములుతోంది, చెప్పాలా వద్దా. వదిన సంచిలో నేను పొద్దున్న చేసిన అన్నం ముద్దలు, నోరి అనే సముద్రపు నాచు చుట్టినవి, అలాగే ఉన్నాయి, ముట్టలేదు. ఆమె చేతులు ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి, ఈ చేతులు ఖాళీగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు, ఏదో ఒకటి తుడుస్తూ మడుస్తూ ఉంటాయి, నేను పెట్టిన వస్తువుని పెట్టిన చోటునుంచి వేలెడు జరిపి మళ్ళీ పెట్టడం ఆమెకి ఊపిరి తీయడంలాంటిది, మొన్న కూడా నా కుండీల జోలికి వచ్చింది, పొద్దున్న నీళ్ళు పోయబోతే ప్రతి కుండీలోనూ బెరడు ముక్కల మీద గోధుమరంగు చిప్పలు పరిచి ఉన్నాయి, పదును అంచులు పైకి పెట్టి, బల్ల చుట్టూ గచ్చు మీద కూడా ఓ వరస, నాకు చెప్పకుండా నా కుండీల్లో చెయ్యి పెట్టినందుకు ఒళ్ళు మండింది కానీ చూస్తే బాగానే ఉన్నాయి, నీళ్ళు నిలవవు, వేళ్ళకి గాలి ఆడుతుంది, ఊళ్ళో సగంమంది అవే వేస్తారు, పోనీలే అనుకున్నాను. నిన్న మధ్యాహ్నం అవే చిప్పలు గదంతా చెల్లాచెదురుగా ఉంటే ఎలకల పనే అనుకుని చీపురుతో ఊడ్చి చేత్తో ఎత్తి పోశాను, చేతికి జిడ్డు. ఎత్తి పోసి గౌనుకి తుడుచుకున్నాను, అది ఈ గౌనే, తొడ దగ్గర మరక ఇంకా ఉంది, ఎండిన చిప్పకి జిడ్డెక్కడిది, ఆ వాసన కూడా, వెన్న కాచినట్టు కమ్మగా, ఆ వాసన నాకు తెలుసు, చాలా బాగా తెలుసు, అది మా నాన్న చొక్కా వాసన, కేయఆవ్ ఊరి తోటల్లో కాయ ఏరి వచ్చి ఆయన మెట్ల మీద కూర్చుంటే ఒళ్ళంతా ఆ వాసనే, ఆయన వెనకాలే తోట కుక్క, రాలిన కాయలు పళ్ళతో చితక్కొట్టుకుని తిని, వెనక కాళ్ళు ఎటు పోతున్నాయో తెలియక ఊగుతూ, కూలబడుతూ, మేం పిల్లలం ఏడుస్తుంటే నాన్న నవ్వేవాడు, తాగిందర్రా, రేపటికి దిగిపోతుంది, వదిలేయండి అని. మర్నాడు అది మాకంటే ముందే లేచి కోళ్ళని తరిమేది.

రేపటికి దిగిపోతుంది.

ముందు కలిగింది సంతోషమే, ఎందుకు దాచాలి, కడుపులోంచి తన్నుకొచ్చింది, పాపం కుక్క అని కాదు, వదిన అని కాదు, నా పూలు కాదు అని, నా పూలు కాదు నా పూలు కాదు అని లోపల ఎవరో డప్పు కొడుతున్నట్టు, ఇన్నేళ్ళ మాటలకి ఇవాళ జవాబు నా గౌను మీదే అంటుకుని ఉంది. ఆ వెంటే రెండో సంతోషం, ఇది ఇంకా పెద్దది, మలసాద బతుకుతుంది, దాన్ని ఎవరూ కోయక్కర్లేదు. గింజలు లేవన్న మనిషి అబద్ధమాడలేదు, గింజలు చర్చికి పోయాయి నిజమే, చిప్ప ఆమె లెక్కలో గులకరాయి. ఇప్పుడు చెప్పాలి. ఎలా చెప్పాలి? ఎన్ని రకాలుగా చెప్పొచ్చో అన్ని రకాలుగానూ ఒక్కసారే నోట్లోకి వచ్చాయి, మెల్లగా, విరిచినట్టు, జాలిగా, మొహం మీద కొట్టినట్టు. జాలిగా చెప్పడమే ఎక్కువ నొప్పి కలిగిస్తుందని కూడా తోచింది, అంత పాడుబుద్ధి ఉంది నాలో. ఆమె వంక తిరిగాను. పెదవులు కదులుతున్నాయి, జపమాల లేకుండానే వేళ్ళు పూసలు లెక్కపెడుతున్నాయి, మెడ దగ్గర చర్మం కొట్టుకుంటోంది. ఈ మనిషికి నేను ఏం చెప్పబోతున్నాను, నీ కుక్కని నువ్వే ఇలా చేశావనా? అంతలో తలుపు తెరుచుకుని డాక్టర్ అకానా వచ్చింది, మధ్యాహ్నం విమానంలో చోటుందట, ఒప్పుకుంటారా అంది, వదిన లేచి నిలబడి ఒప్పుకోవడానికి నోరు తెరిచింది.

"వదినా," అన్నాను, "ఆ కుండీల్లో చిప్పలు ఎక్కడివి?"

"ఇప్పుడా అడిగేది?"

"చెప్పు వదినా."

"ఎక్కడివేంటే, నా మెకడేమియా కాయలవే. గరాజులో పరిచి బండి చక్రం ఎక్కించి పగలగొట్టాను, అందరూ కొట్టేది అలాగేగా. నీ పూలలో ఇది మూతి పెట్టకుండా గుచ్చుకుంటాయని కంచెలా వేశాను. నీకెటూ దాని ప్రాణం పట్టదు, నేనైనా చూసుకోవాలిగా."

డాక్టరు చేతిలో కాగితం కిందికి దిగింది. "చిప్పల్లో గింజ లేకుండా ఏరారా ఆంటీ?"

"పెద్ద ముక్కలు ఏరాను. చక్రం కింద నలిగిన చిల్లరంతా ఎవరు ఏరతారు తల్లీ, చూపు ఆననిదాన్ని..." అని ఆగింది.

మేక చెప్పు పట్టీ నమలడం వినపడింది. నేను చెప్పాల్సిందేమీ మిగల్లేదు, మొత్తం ఆమే చెప్పేసింది, తన నోటితో, తన గొంతుతో, పక్కన సాక్షిగా డాక్టరు, దేవుడు ఇంతకంటే అందంగా ఏ గెలుపూ వడ్డించడు ఎవరికీ, అయినా ఆమె మొహం నెత్తురు చుక్క లేకుండా అయిపోతుంటే నా చెయ్యి దానంతటదే వెళ్ళి ఆమె మోచెయ్యి పట్టుకుంది. డాక్టర్ అకానా నవ్వింది, నిన్నటినుంచీ మొదటిసారి, ఆ పిల్లకి సొట్టబుగ్గలున్నాయని అప్పుడు చూశాను. "ఆంటీ, అదైతే భయం లేదు, వెన్నూ కాదు ఏమీ కాదు, సెలైన్ ఎక్కుతూనే ఉంది, జ్వరం పొద్దుటికే తగ్గింది, ఇవాళో రేపో లేస్తుంది, విమానం వద్దని చెప్పేస్తాను," అంది. "పూలు..." అంది వదిన. "పూలు కాదు ఆంటీ, నిన్ననే చెప్పానుగా. పూల మీద మీరు వేసింది." ఆ మాట నేను అనలేదు. నేను అననందుకు నాకు ఎప్పటికైనా మోక్షం వస్తుందని నా నమ్మకం.

లోపలికి పిలిచారు. ఇనప బోనులోంచి దించి గచ్చు మీద తుండు పరిచి పడుకోబెట్టారు, ముంగాలికి కట్టు, వదినని చూసి తోక కదిపింది, తోక కదపగలిగినదానికి నడుం చచ్చిపోలేదు కదా అని నేను లోపల లెక్కలు వేసుకుంటున్నాను. వదిన కూర్చోలేదు, వంగలేదు, గోడకి ఆనుకుని "రావే" అంది, ఆజ్ఞలా అనబోయింది కానీ బతిమాలినట్టు వచ్చింది. మలసాద ముందు కాళ్ళు లేపింది. వెనకభాగం లేచి, ఎడమవైపు ఒరిగి, కూలబడింది. మళ్ళీ లేచింది, కాళ్ళు వెడల్పుగా చాపి, కొత్తగా పడవెక్కినవాడిలా ఊగుతూ, ఊగుతూ, నిలబడింది, నిలబడే ఉంది, ఓ అడుగు వేసింది, ఇంకో అడుగు, గోళ్ళ చప్పుడు గచ్చు మీద టిక్కు టిక్కుమని, వచ్చి వదిన మోకాళ్ళకి తల ఆనించి బరువంతా వేసేసింది. అప్పుడు వదిన కింద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. డాక్టరు చూస్తుండగా ఇద్దరం దాని చెరో చెవీ పట్టుకుని ఏడ్చాం, వదినా మరదళ్ళం, చిన్నపిల్లల్లా, సిగ్గులేకుండా, నా గౌను మీది గింజ వాసన పట్టి అది నా తొడ నాకబోతే ఇద్దరం ఒక్కసారే దాని మూతి పక్కకి నెట్టాం, నెట్టి మొహాలు చూసుకుని నవ్వాం.

సాయంత్రానికి ఇంటికి తీసుకెళ్ళొచ్చన్నారు. వదిన కళ్ళు తుడుచుకుని ఫోను తీసింది, తీసి నా చేతికివ్వలేదు, బయటికి వెళ్ళి మాట్లాడలేదు, నా పక్కనే నిలబడి, నాకు వినపడేలా, డాక్టరుకి వినపడేలా, తమ్ముడికి చెప్పింది. "లేచింది. ఆఁ, లేచి నడిచింది. పూల వల్ల కాదు. నా వల్ల. నేను వేసిన మెకడేమియా చిప్పల వల్ల. సరిగ్గా విను, మళ్ళీ చెప్పను, నా వల్ల. నువ్వు వెళ్ళి ఆ కుండీలన్నీ జాగ్రత్తగా లోపలికి తెచ్చి ఎక్కడివక్కడ పెట్టు, ఒక్క రేక రాలినా నీ సంగతి చెబుతాను."

అవతల క్లిఫర్డ్ గొంతు, నిదానంగా, భయం లేకుండా. "నేనసలు ఒక్కటీ బయట పెట్టలేదక్కా."

"పెట్టలేదా?"

"పెట్టలేదు. శిజుయే వచ్చి తనే చూసుకుంటుందనుకున్నాను. అవి దానివి కదా."

అవి దానివి కదా. చేతిలో నా సంచి ఉంది, అది నేల మీద పెట్టేసి నడుం నిటారుగా చేసుకుని నిలబడ్డాను. వదిన ఫోను కట్టేసి ఆ ఫోను వంక చూసింది, నా వంక చూసింది, కిందినుంచి మీదిదాకా, ఇప్పుడే ఎవరో పరిచయం చేసినట్టు.

"అంటే నా ఇంట్లో నా మాట చెల్లదన్నమాట," అంది.

"పూల విషయంలో చెల్లదు వదినా."

ఆమె ఆలోచించింది. మలసాద ఆమె పాదం మీద గడ్డం పెట్టుకుని పడుకుంది. మామూలుగా అయితే ఇక్కడ ఇల్లు ఎవరిదన్న చూపొకటి వస్తుంది, దానికోసం నేను సిద్ధంగానే ఉన్నాను, రానీ అనుకున్నాను, ఇవాళ తప్పుకోను.

"సరే," అంది మా వదిన.